కోరంగి ఓడ, బస్తరు టేకు: మన సాహిత్యమున ఒక వెలితి

తెలుగు కవిత్వమున ఓడలకు కొదువ లేదు. సంసారము సముద్రమనియు, భక్తి నావయనియు, గురువు కర్ణధారుడనియు చెప్పని శతకకారుడు అరుదు. విరహిణి కన్నీట తేలు నావలును, నీతి తప్పిన రాజ్యమునకు ఉపమానముగా వచ్చు చుక్కాని లేని ఓడలును మన కావ్యములలో కోకొల్లలు. కాని ఈ ఓడలలో ఏ ఒక్కదానికిని కొయ్య ఏ అడవినుండి వచ్చెనో, పలకల సందులలో నార కూరిన చేతులు ఎవరివో, తెరచాప కుట్టినది ఎవరో, అందు ఎక్కిన సరుకేమో, సరంగు చేతికి వచ్చిన కూలి యెంతో మనకు తెలియదు. ఓడ యున్నది, ఓడను కట్టు తావు లేదు. సముద్రమున్నది, రేవు లేదు. ఉపమానము మిగిలినది, వస్తువు జారిపోయినది.

ఈ మాట కేవలము చరిత్రకారుడు చెప్పుకొనవలసినది కాదు. ఒక జాతి తన చేతులతో కట్టి, తన మనుష్యులను ఎక్కించి, రెండు మూడు సముద్రములు దాటించిన వస్తువు ఆ జాతి వాఙ్మయమున రూపకముగా మాత్రమే నిలిచెనన్నచో అది సాహిత్య విమర్శకుడు విచారింపవలసిన విషయము. ఏలయన వస్తువును చూడక రూపకమును మాత్రమే వాడుకొను భాష క్రమముగా ఆ రూపకమును గూడ కోల్పోవును. పందొమ్మిదవ శతాబ్దమున గోదావరి ముఖద్వారమున కట్టబడిన కొయ్యఓడను నిదర్శనముగా గైకొని, మన సాహిత్యము దానిని ఏల చూడలేదో, చూడకపోవుట వలన కలిగిన నష్టమేమో, ఇకమీద చూడదలచిన రచయిత ఎక్కడ నిలువబడి చూడవలెనో పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము. ఆ నిలువవలసిన చోటు సముద్రతీరము కాదనియు, అది ఎగువన బస్తరు అడవి యనియు నా అభిప్రాయము.

ముందుగా రేవును గూర్చి రెండు మాటలు. గోదావరి గౌతమీశాఖ సముద్రమున కలియు తావునకు చేరువను కోరంగి యున్నది. ఒకప్రక్క ఫ్రెంచివారి యానాము, వేరొకప్రక్క ఆంగ్లేయుల వర్తకస్థానమైన ఇంజరము, దాపున తాళ్ళరేవు. సముద్రములోనికి చొచ్చుకొనిపోయిన ఇసుకమేట అడ్డు నిలిచి ఆ అఖాతమును పెద్ద అలలనుండి కాపాడెడిది. హుగ్లీ ముఖద్వారమునకును తిరుకోణమలకును నడుమ పెద్ద ఓడలను గట్టుచేర్చి మరమ్మతు చేయదగిన చోటు ఇది ఒక్కటియేయని ఆనాటి ఆంగ్లాధికారులు వ్రాసికొనిరి. ఎబెనీజరు రోబక్ అను ఆంగ్లేయుడు ఇచట ఓడలను మరమ్మతు చేయుటకు ఒక డాకు కట్టించెను. 1802లో ఆంగ్ల నౌకాదళమునకు చెందిన ఆల్బట్రాస్ అను ఓడ అందు మరమ్మతు పొందెను. యుద్ధనౌకలు వచ్చి పోవునవి. కోరంగికి నిలుకడయైన జీవనము కల్పించినది వర్తకపు ఓడ. ఇచటి వడ్రంగులు కట్టిన ఓడలు కలకత్తా, చెన్నపట్టణము, సింహళము, రంగూను తీరముల మధ్య ధాన్యమును, నూనెగింజలను, బట్టలను, ఉప్పును, కలపను, చివరకు మనుష్యులను గూడ మోసినవి.

ఆ కాలపు కోరమండల తీరపు ఓడను కన్నులార చూచి కొలిచి వ్రాసినవాడు ఒకడు గలడు. తిరుకోణమల నౌకాశాలలో ప్రధాన శిల్పిగా పనిచేసిన జాన్ ఎడై అను ఆంగ్లేయుడు 1834లో రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో ఈ తీరముల ఓడలను వర్ణించుచు దోనెను గూర్చి వ్రాసెను. సుమారు 70 అడుగుల నిడివి, 20 అడుగుల వెడల్పు, చదునైన అడుగు. నదీముఖముల ఇసుకతిప్పల మీద ఆనినను ఒరిగిపోకుండుటకు ఆ చదును. అతని చూపునకు ఆ నిర్మాణము మొరటుగా తోచినది. తిరస్కారము అతని వాక్యములలో దాగలేదు. ఐనను అతడు కొలిచెను. మనవారిలో దానిని గౌరవించినవారు ఉండవచ్చును గాని కొలిచినవారు లేరు. తిరస్కరించినవాడు వస్తువును దాచిపెట్టగా, గౌరవించినవారు దానిని రూపకముగా కరగించి పోగొట్టుకొనిరి. ఇది మన విమర్శ ఎదుర్కొనవలసిన మొదటి చేదునిజము.

ఇక కొయ్యను గూర్చి. గోదావరి సీమ టేకునకు పద్దెనిమిదవ శతాబ్ది చివరకే పేరు వచ్చినది. సామర్లకోటలో ఉద్యోగించి ఈ సీమ వృక్షజాతిని చిత్రములతో సహా గ్రంథస్థము గావించిన విలియం రాక్స్‌బరో గోదావరి తీరపు టేకు ఇతరస్థలముల టేకుకంటె బరువైనదనియు, దాని పొరలు దట్టమనియు, రేఖలు సుందరమనియు మెచ్చుకొనెను. ఈ టేకు పాపికొండలకు ఎగువనున్న అడవులనుండి దిగెడిది. ఆ అడవులు రెండు ఉపనదుల దారిని బస్తరులోనికి వ్యాపించియున్నవి. ఒకటి ఇంద్రావతి. ఇది జగదల్‌పూరు మీదుగా ప్రవహించి, చిత్రకూట జలపాతముగా దుమికి, భోపాలపట్నము దాటినపిమ్మట గోదావరిలో కలియును. రెండవది శబరి. ఇది బస్తరు తూర్పు సరిహద్దును ఒరసికొనుచు కొంటా మీదుగా వచ్చి కూనవరమువద్ద గోదావరిని చేరును. పచ్చి టేకుదుంగ నీట తేలదు. దానిని నరికి, ఎండనిచ్చి, వెదుళ్ళ బాసటతో తెప్పగా కట్టి, వానకాలపు నీటిలో వదలవలెను. నరకుట, ఎండబెట్టుట, తెప్పకట్టుట, సుడిగుండములను తప్పించి దిగువకు నడుపుట, వీనిలో ప్రతిపనికిని ఒక నేర్పును, ఆ నేర్పునకు తగిన మాటలును ఉండును. ఆ మాటలు కోయభాషవి, దోర్లాలవి, తెలుగువి. ఓడ పుట్టుక కోరంగిలో కాదు, అచట ఆరంభమైనది.

బస్తరు మనకు పరాయిదేశము కాదని ఇచట గుర్తుచేయుట అవసరము. నాగవంశీయుల కాలమున బారసూరు మున్నగు తావులలో వేయించిన శాసనములలో తెలుగు శాసనములున్నవి. ఇంద్రావతికి దక్షిణమున తెలుగును, ఉత్తరమున నాగరిలిపియు హెచ్చుగా కనబడుట శాసనపరిశోధకులు గుర్తించిన విషయము. 1323లో ఓరుగల్లు పతనమైనపిమ్మట ప్రతాపరుద్రుని సోదరుడైన అన్నమదేవుడు ఇంద్రావతీతీరము చేరి రాజ్యము స్థాపించెనని బస్తరు రాజవంశ సంప్రదాయము. ఈ సంప్రదాయమున ఒక విశేషము గలదు. 1244లో మోటుపల్లి రేవున అభయశాసనము వేయించి, ఓడ పగిలి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన సరుకును రాజులు అపహరించు పూర్వాచారమును మాన్పించి, న్యాయమైన సుంకము మాత్రమే గైకొందునని వర్తకులకు మాట యిచ్చిన గణపతిదేవుడు ఆ వంశమువాడే. ఒకే వంశనామము ఒక కొనను రేవును కాచినది, వేరొక కొనను అడవిని ఏలినది. ఓడయొక్క రెండు మొనలను కలుపు సూత్రము మన చరిత్రలోనే యున్నది. దానిని పట్టుకొని కథ అల్లినవారు లేరు.

ఈ సందర్భమున ఒక సాహిత్యసత్యము చెప్పక తప్పదు. మోటుపల్లి శాసనమున కనబడు సముద్రము మన ప్రబంధములలోని సముద్రముకంటె నిజమైనది. గాలికి చెదరి దరితప్పిన ఓడ, ప్రాణము దక్కినను సరుకు దక్కని వర్తకుని దుఃఖము, ఒడ్డున నిలిచిన అధికారి దురాశ, వీనిని ఆ శాసనకర్త ఎరుగును. ప్రబంధకవి సముద్రమును వర్ణించునపుడు తిమింగిలములు, పగడములు, చంద్రోదయమునకు పొంగు అలలు తప్పక వచ్చును. దరి తప్పిన వర్తకుడు మాత్రము రాడు.

ఇందులకు ఒక మినహాయింపు శ్రీనాథుడు. హరవిలాసమును అవచి తిప్పయసెట్టికి అంకితమిచ్చుచు ఆ కవిసార్వభౌముడు ఆ సోదరుల సముద్రవ్యాపారమును వర్ణించినాడు. ఏ ద్వీపమునుండి ఏ సుగంధద్రవ్యము, ఏ రేవునుండి ఏ పట్టు, ఏ దేశమునుండి ఏనుగులు, గుఱ్ఱములు వచ్చెడివో లెక్కపెట్టినాడు. కప్పలి, జోంగు అను ఓడల పేర్లను పద్యమున కూర్చినాడు. మల్లంపల్లి సోమశేఖరశర్మగారు రెడ్డిరాజ్యముల చరిత్రను వ్రాయుటలోను, సురవరము ప్రతాపరెడ్డిగారు ఆంధ్రుల సాంఘిక చరిత్రను కూర్చుటలోను ఈ పద్యములను ఆధారముగా గైకొనుట సముచితము. కాని సాహిత్యదృష్టితో చూచినపుడు ఒక పరిమితి కనబడును. శ్రీనాథుని చూపు సరుకు దిగిన అంగడివద్ద నిలిచినది. అది భోక్త చూపు, కొనుగోలుదారుని చూపు. కుమారగిరిరెడ్డి వసంతోత్సవమునకు కర్పూరము, పన్నీరు అందవలెను. అవి అందినవి. తెచ్చిన ఓడ పేరుగా మిగిలినది. ఆ పేర్లు నేడు నిఘంటువున ‘నౌకావిశేషము’ అను ఒక్క అర్థమునకు కుదించుకొనిపోయినవి. ఏ విశేషమో చెప్పువారు లేరు.

ఈ మౌనమునకు సామాన్యముగా రెండు కారణములు చెప్పుచుందురు. తెలుగువాడు స్వభావతః కర్షకుడే గాని నావికుడు కాడనుట మొదటిది. యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెముల మీది రెండు స్తంభముల ఓడ మొదలు కోరంగి వడ్రంగి వరకు సాక్ష్యము దీనికి ఎదురుగా నున్నది. సముద్రయానము కలివర్జ్యములలో చేరుటచే పండితులు దానిని పరిహరించిరనుట రెండవది. ఇందు సగము సత్యమున్నది. కావ్యము వ్రాయువారు ఓడ ఎక్కలేదు. ఓడ ఎక్కినవారు కావ్యము వ్రాయలేదు. ఐతే పొలము దున్నని కవులు పొలమును వర్ణింపలేదా? కోట కట్టని కవులు కోటను వర్ణింపలేదా? నిషేధము ప్రయాణమునకే గాని చూపునకు లేదు. అసలు కారణము మన కావ్యభాషా నియమములలో నున్నది. వృత్తిపదము గ్రామ్యమనియు, గ్రామ్యము దోషమనియు నిర్ణయించుకొన్న భాషలో ఓడవడ్రంగి మాటాడుటకు చోటు లేదు. అతని పనిముట్టు పేరు పద్యమునకు ఎక్కదు. కావున అతడును ఎక్కడు. వస్తువును బహిష్కరించినది ధర్మశాస్త్రముకంటె హెచ్చుగా అలంకారశాస్త్రము.

గద్యము వచ్చినపిమ్మట ఈ కట్టు సడలవలసినది. సడలలేదు. 1878వ సంవత్సరమును తలచుకొనుడు. ఆ యేట హెన్రీ మారిస్ అను ఆంగ్లాధికారి గోదావరి మండల చరిత్రను ప్రకటించెను. అందు కోరంగి రేవు వైభవమును, దాని క్షీణతయు గలవు. ఆ యేటనే వీరేశలింగము పంతులుగారి రాజశేఖరచరిత్రము వెలువడినది. ఆ నవల ధవళేశ్వరమున ఆరంభమగును. గోదావరి వర్ణన అందున్నది. కోరంగి అచటినుండి ఒకటి రెండు నాళ్ళ ప్రయాణదూరమే. కాని కథానాయకుని కుటుంబము కాశీదారిని పట్టినది. పంతులుగారి సంస్కరణదీక్షకు ఇంటిలోని మూఢాచారము, వీధిలోని వంచన ప్రధానమగుట సహజము. వారిని తప్పుపట్టుట నా ఉద్దేశము కాదు. కాని మన నవల తొలి అడుగునందే నదిని పుణ్యతీర్థముగా చూచినది, వర్తకమార్గముగా చూడలేదు. ఆ తొలి అడుగు జాడ చాలకాలము చెరగలేదు.

తరువాతి కథాసాహిత్యమున పడవ వచ్చినది. అది కాలువపడవ. 1847లో ఆరంభమై 1852లో ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్ట వలన కోనసీమనిండ కాలువలు పరచుకొన్నవి. ఆ కాలువల మీద తాళ్ళతో లాగుకొనుచు, తెరచాప ఎత్తుకొనుచు సాగిన పడవలు మూడు తరముల రచయితలకు దినచర్య. పాలగుమ్మి పద్మరాజుగారి ‘పడవ ప్రయాణం’ ఆ పడవను అమరముగావించినది. అందు రాత్రి, నీరు, పడవవారి పాట, ఒక స్త్రీ గతజీవితము వేరుచేయరానట్లు పెనవేసికొన్నవి. పడవ అచట ఉపమానము కాదు, మనుష్యుల బ్రతుకు సాగు తావు. మన గద్యము వస్తువును చూడగలదనుటకు అంతకంటె నిదర్శనము అక్కరలేదు. అయితే కాలువ లాకులచే, గట్లచే కట్టుబడిన నీరు. అందు పడవ దారి తప్పదు. ఓడలో నున్న అనిశ్చయము, నెలల తరబడి ఇల్లు కానరాని ఒంటరితనము, తిరిగివచ్చునో రాదో తెలియని నిరీక్షణ కాలువపడవలో నుండవు. మన కథ కాలువగట్టుదాక వచ్చి ఆగినది.

ఆ ఆగినచోట ఎందరు తప్పిపోయిరో చూడుడు. 1834లో మారిషస్ చెరకుతోటలకు భారతీయ కూలీలను ఒడంబడికమీద చేర్చుట ఆరంభమైనది. గోదావరి, విశాఖ మండలముల జనము కోరంగిలో ఓడ ఎక్కిరి. అందుచేత ఆ ద్వీపమున తెలుగువానికి కోరంగివాడను పేరు వచ్చినది. బర్మాలోను అదియే పేరు. రేవు పేరు జాతి పేరయినది. కోరంగి ప్యాకెట్ అను ఓడ తెలుగువారిని మారిషస్ చేర్చినదని అక్కడివారు చెప్పుకొందురు. ఆ పేరుగల ఓడ 1845లో ఆస్ట్రేలియాకు ఈశాన్యమునగల పగడపు సముద్రమున మునిగినది. అది మునిగినచోటి దీవులకు నేటికిని కోరంగి దీవులని పేరు. మన రేవు పేరు భూగోళమునకు ఆవలిప్రక్కన సముద్రపటమున శాశ్వతముగా అచ్చుపడినది. మన నవలలో మాత్రము అది అచ్చుపడలేదు. రంగమని మనవారు పిలుచుకొన్న రంగూను కథ మరియు బాధాకరము. ధాన్యపు మిల్లులలోను, రేవు గోదులలోను దశాబ్దములు శ్రమించి, 1930 మే నెలలో కోరంగి రేవుకూలీల మీద జరిగిన దొమ్మీలను చూచి, 1942లో జపానువారు రాగా అడవుల మీదుగా కాలినడకను తిరిగివచ్చినవారి కథలు ఇండ్లలో వినబడినంతగా పుస్తకములలో వినబడలేదు.

ఉప్పెన విషయమున ఈ మౌనము మరియొక రూపము దాల్చినది. 1789 డిసెంబరులో మూడు మహాతరంగములు ఒకదానివెంట ఒకటి కోరంగిని ముంచివేసినవి. కలకత్తాలో తుపానులను గూర్చి పరిశోధించి, 1848లో నావికులకొరకు ప్రకటించిన గ్రంథమున ‘సైక్లోను’ అను మాటను సృష్టించిన హెన్రీ పిడింగ్టన్ ఈ కోరంగి ఉప్పెనను వర్ణించినాడు. 1839 నవంబరున మరల ఉప్పెన వచ్చినది. దానిని గూర్చి 20,000 పడవలు నాశనమయ్యెననియు, 3 లక్షలమంది మరణించిరనియు ఒక లెక్క పుస్తకమునుండి పుస్తకమునకు ఎక్కుచు వచ్చినది. ఆ చిన్నరేవున అన్ని పడవలు, అంత జనము నుండుట నమ్మదగినది కాదు. కాని విమర్శకునకు ఇందు ఒక పాఠమున్నది. కథ లేనిచోట సంఖ్య పెరుగును. ఒక ఓడవడ్రంగి, అతని భార్య, సగము కట్టిన ఓడ ఎక్కిన గట్టు, ఇవి మన సాహిత్యమున నిలిచియున్నచో ఆ లెక్కతో మనకు పని యుండెడిది కాదు. 1952లో అంతర్జాతీయ కథల పోటీలో ద్వితీయ బహుమతి పొందిన ‘గాలివాన’ ఒక రైలుస్టేషనులో చిక్కుకొన్న ఇద్దరి కథ. తుపాను బీభత్సమును లక్షలతో కాక ఇద్దరితో చూపుట సాధ్యమని పద్మరాజుగారు నిరూపించిరి.

అన్యసాహిత్యముల వంక ఒకసారి చూతము. 1840లో డానా అను అమెరికను యువకుడు సామాన్య నావికుడుగా రెండేండ్లు గడిపి వ్రాసిన అనుభవగ్రంథము ఓడసాహిత్యమునకు కొత్త దారి తీసినది. 1851లో మెల్విల్ తన తిమింగిలవేట నవలలో త్రాళ్ళు, కొక్కెములు, నూనెకాగులు మొదలుకొని దైవమును గూర్చిన ప్రశ్నవరకు మెట్టుమెట్టుగా ఎక్కినాడు. త్రాటిని గూర్చి తెలిసినవాడు కనుకనే ఆ త్రాడు విధికి సంకేతమై నిలిచినది. ఇచట రూపకము వస్తువును మింగలేదు, వస్తువునుండి మొలిచినది. మనకు దగ్గరి ఉదాహరణము అమితావ్ ఘోష్ 2008లో ఆంగ్లమున ప్రకటించిన ‘సీ ఆఫ్ పాపీస్’. ఐబిస్ అను కొయ్యఓడమీద భోజపురి కూలీలను మారిషస్ దిక్కునకు నడిపించు ఆ నవలకు ఒక ప్రధానాధారము 1811లో థామస్ రోబక్ కూర్చిన నావికుల హిందూస్థానీ నిఘంటువు. అరబ్బీ, పోర్చుగీసు, హిందీ, మలయాళము, తెలుగు తీరముల మాటలు కలగలసిన లస్కరుల భాషను ఒక నవలాకారుడు తిరిగి బ్రతికించినాడు. అయితే ఆ ఐబిస్ అమెరికాలో కట్టబడిన ఓడ. దానికి అడవి దూరము. మన కోరంగి ఓడకు అడవియు, వడ్రంగియు, కూలియు, సముద్రమును ఒకే నది పొడవునను ఉన్నవి. అంత సమగ్రమైన వస్తువు చాల భాషలకు దొరకదు.

ఇచట ఒక హెచ్చరిక అవసరము. ఈ వస్తువును చేపట్టు రచయితకు ఎదురగు మొదటి ప్రలోభము జాతిగౌరవము. ‘ఆంధ్రుల నౌకావైభవము’ అను మాట వినుటకు ఇంపు. కాని ఆ వైభవము కొయ్యతో కట్టబడినది, కొయ్య ఎవరిదో అడుగక తప్పదు. 1859లో దక్షిణ బస్తరులో, ఫోత్కేలు, భోపాలపట్నము మున్నగు జమీనులలో, హైదరాబాదు వర్తకులు గుత్తకు గైకొని గుగ్గిలపు చెట్లను నరకించుచుండగా కోయలును దోర్లాలును తిరుగబడిరి. ఒక్క చెట్టు పడినచో ఒక్క తల పడునని వారు ప్రకటించినట్లు ప్రసిద్ధి. సిరోంచ డిప్యూటీ కమీషనరుగా నున్న గ్లాస్‌ఫర్డ్ తుదకు ఆ గుత్తలను మాన్పింపవలసివచ్చెను. ఆ దుంగలు కోరంగి ఓడలకే పోవుచుండెనని నేననుట లేదు. అప్పటికి కోరంగి పూడిపోవుచున్నది. కాని దుంగను చూచి ధరను మాత్రమే లెక్కించు చూపు అది యొక్కటియే. ఆ గుగ్గిలపు చెట్టు జిగురునే నూనెతో కాచి ఓడపలకల సందులకు పూయుదురని తెలిసినపుడు, ఆ తిరుగుబాటు సముద్రమునకు అంత దూరమున జరిగినది కాదని తోచును. 1910లో భూమ్‌కాల్ అను పేర బస్తరు మరల లేచినపుడు గూడ అడవిని రిజర్వుచేయుట ముఖ్యకారణములలో ఒకటి.

కావున కోరంగి ఓడను వ్రాయుట మన గొప్పను వ్రాయుట మాత్రమే కాదు. అది ఒకరి నేర్పు, ఒకరి ఆకలి, ఒకరి లాభము, ఒకరి అడవి. తాజమహలువంటి కట్టడముల వెనుకనున్న కూలీలను గూర్చి శ్రీశ్రీ అడిగిన ప్రశ్న ఆధునిక తెలుగు కవిత్వమునకు దృష్టినిచ్చినది. ఆ ప్రశ్నను ఓడవిషయమున అడిగినచో అది రెండు దిక్కులకు పోవలెను. దిగువకు, ఓడ మోసుకొనిపోయిన కూలీవద్దకు. ఎగువకు, ఓడకొరకు పడిన చెట్టు క్రింద నిలిచిన కోయవానివద్దకు. ఒక దిక్కునే చూచిన రచన శిల్పమున ఎంత చక్కనైనదైనను సగము సత్యము చెప్పినట్లగును. వలసకూలీ దుఃఖమును చెప్పి అడవిని మరచినచో అది తీరపు కథయే యగును. అడవిని మాత్రమే చెప్పి వడ్రంగి నేర్పును చిన్నబుచ్చినచో అది ఫిర్యాదు యగును గాని సాహిత్యము కాదు.

కొయ్యఓడ ఎట్లు అస్తమించెనో చెప్పుట కష్టము కాదు. గోదావరి తెచ్చిన ఒండ్రుమట్టి కోరంగి అఖాతమును పూడ్చినది. వర్తకము కాకినాడకు తరలినది. 1856లో స్థాపింపబడి, తరువాత బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీగా పేరొందిన సంస్థ ఆవిరిఓడలు రంగూను దారిని ఆక్రమించినవి. గోదావరిని ఎగువ అడవులదాక నౌకామార్గముగా మార్చి మధ్యరాష్ట్రముల ప్రత్తిని సముద్రమునకు దింపవలెనని కాటన్ కన్న కల దుమ్ముగూడెము మొదలు మూడు అడ్డంకులవద్ద చిక్కుకొని 1871లో విడువబడినది. నది దారిగా నుండుట మానినది. అడవికిని సముద్రమునకును నడుమనున్న మాటల రాకపోకలు గూడ ఆనాడే తెగినవని చెప్పవచ్చును. నేడు కోరంగి పేరు చెప్పినచో మడ అడవుల అభయారణ్యము జ్ఞప్తికి వచ్చును. ఓడ పోయినచోట చెట్లు మొలచినవి. ప్రకృతి తన బాకీ వసూలు చేసికొన్నట్లున్నది.

ఐతే మాటలు ఇంకను పూర్తిగా పోలేదు. తాళ్ళరేవు ప్రాంతమున చేపలపడవలను కట్టు వడ్రంగుల నోట, సరంగుల కుటుంబములలో, కొంటా సంతలో తెలుగును కోయను కలిపి మాటాడు దోర్లాల నోట అవి చెదరియున్నవి. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున వ్యవసాయ వృత్తిపదకోశమును, పిదప చేనేత పదకోశమును వెలువరించి ఒక మార్గము చూపినది. రైతు మాటయు, సాలె మాటయు శబ్దములేనని, వానికిని నిఘంటుగౌరవము గలదని ఆ గ్రంథములు స్థాపించినవి. ఓడవడ్రంగి మాటకును, తెప్పనడుపువాని మాటకును ఆ శ్రద్ధయే కావలెను. అది భాషాశాస్త్రవేత్త ఒక్కని పని కాదు. ఆ మాటలతో పాత్ర పలుకవలెను, వాక్యము నడువవలెను. అపుడుగాని కోశములోని పదము ప్రాణము పోసికొనదు.

తెలుగు రచయితలు నేడు ఆంధ్ర, తెలంగాణములలోనే గాక ఒడిశాలోను, ఛత్తీస్‌గఢ్‌లోను, మహారాష్ట్రమునను, సముద్రముల కావలను గలరు. శబరీతీరపు గ్రామములను ఎరిగినవారు కొందరు, రేవుపట్టణములను ఎరిగినవారు కొందరు, కోరంగివాడను పేరును ఇంటిపేరువలె మోయు పూర్వులుగలవారు కొందరు. ఒక్కొక్కరి చేతిలో ఓడయొక్క ఒక్కొక్క పలక యున్నది. ఆ పలకలను కూర్చుటకు ముందు మన అలవాటైన సంసారసాగరపు నావను కొంతకాలము గట్టున కట్టివేయుట మేలు. నిజమైన ఓడను ఒకమారు కట్టి, దాని కొయ్య వాసనను, సందులలోని గుగ్గిలమును, అడుగున చేరిన నీటిని మన వాక్యములలో చూచినపిమ్మట భక్తినావ మరల నీటిలో దిగవచ్చును. అపుడు దాని బరువు మనకు తెలియును.